రెండు వేళ్ల వెడల్పు

మొన్న మా ఎదురింటికి దర్వాజలు వచ్చాయి. ట్రాలీ ఆటోలో, ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని, నిలబడి వచ్చాయి. తెచ్చినవాళ్లు అరగంటలో దింపి చాయ్ తాగి పోయారు. పసుపు లేదు, కుంకుమ లేదు, గడప కింద పోసే నవధాన్యాలు లేవు. ఇంటాయన మాత్రం ఫోను పట్టుకుని పొడుగూ వెడల్పూ కొట్టుకుంటూ ఎండలో నిలబడ్డాడు. బ్యాంకులో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు. నేను వాకిలి ఊడుస్తూ చూస్తున్నానని, "ఆయం చూస్తాన పెద్దమ్మా, దీంట్ల యాప్ ఉన్నది. సింహాయం వచ్చింది, ఇగ ఫికర్ లేదు" అని నవ్వాడు. నేనూ నవ్వాలి కదా, నవ్వాను. నవ్వి, చీపురు అక్కడే పడేసి, లోపలికొచ్చి తలుపు పెట్టుకున్నాను. ఆయం అన్న మాట చెవిన పడితే నేను ఇప్పటికీ అక్కడ నిలబడలేను.

ఆ మాట తెలియని వాళ్లకు చెప్తాను. మేము వడ్లవాళ్లం, వడ్రంగి పని చేసేవాళ్లం. ఇల్లు కట్టినా దర్వాజ నిలిపినా మా వాళ్లు పొడుగునూ వెడల్పునూ గుణించి, ఎనిమిదితో భాగించి, మిగిలినదాన్ని బట్టి ఆ కట్టడం నుదుటి రాత చెప్తారు. లెక్క నాకు రాదు, పేర్లు మాత్రం వచ్చు. జెండా, సింహం, ఎద్దు, ఏనుగు మంచివి. పొగ, కుక్క, గాడిద, కాకి చెడ్డవి. అన్నిటికంటే చెడ్డది కాకి. కాకి ఆయం పడిన ఇంట్లో మనుషులు నిలవరని మా అత్త చెప్పేది. చెడ్డది పడితే ఇల్లు మానుకోరు, కొలత మారుస్తారు. ఇటు అంగుళం పెంచి, అటు అర అంగుళం తగ్గించి, కాకిని ఏనుగును చేసి పెడతారు. మా ఆయన వర్ధన్నపేటలో వాళ్ల నాయన దగ్గర ఉలి పట్టడం కంటే ముందు ఈ లెక్కే నేర్చాడట.

పెండ్లయిన కొత్తలోనే మేము వరంగల్ వచ్చి టింబర్ డిపోల దగ్గర రెండు గదుల్లో పడ్డాం. ఆయన ముప్పై ఏండ్ల పైన దర్వాజలు చేశాడు. హన్మకొండలో ఏ గల్లీకి పోయినా, "గా దర్వాజ నాదే, గా కిటికీ నాదే" అని వేలు చూపించేవాడు. నాకు ఒళ్లు మండేది. "నీదైతే నీ పేరేదయ్యా దాని మీద? ఆ ఇంటాయన పేరే చెక్కినవ్ గదా పెద్ద పెద్ద అచ్చరాలతోని" అనేదాన్ని. ఆయన ఇంకో దర్వాజ వైపు నడిచేవాడు. ఎకసెక్కంగా అన్నాను కానీ, ఆ మాట ఆయన లోపలికి పోయి కూర్చుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇంకొక సంగతి. మా ఇంట్లో సజ్జ మీద ఏటూరునాగారం టేకు పలక ఒకటి ఉండేది. పాత కాలపు చెట్టు, తేనె రంగు, గోటితో గీరితే నూనె వాసన. దానితో నాకు మంచం చేస్తానని ఆయన మాటిచ్చాడు. ఆ మాటిచ్చిన ఏడు పుట్టిన మా బిడ్డను పాలకుర్తికి ఇచ్చి, దానికి ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు. నేను మాత్రం ఇనుప మడత మంచం మీదే పడుకునేదాన్ని, అది తిరిగినప్పుడల్లా కిర్రుమనేది.

ఆయనకు ఊపిరి పట్టేయడం మొదలైంది. బీడీ సగం, రంపపు పొట్టు సగం. దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో చూసి, ఇక పొట్టు లేచే పని ముట్టొద్దని చెప్పింది. బయటికొచ్చి ఆయన, "పొట్టు లేవకుంట వడ్లపని ఎట్ల చేస్తరో ఆమెనే అడుగుతే అయిపోవు" అన్నాడు. అప్పటికి మెట్లు ఎక్కితే మూడో మెట్టు మీద నిలబడేవాడు. డిపోవాళ్లు పిలవడం మానేశారు. పనిలేని వడ్లాయన ఇంట్లో ఉంటే ఎట్లుంటుందో నాకే తెలుసు. పీట కాలు బాగున్నా ఊడదీసి మళ్లీ బిగించేవాడు.

అట్లాంటి రోజుల్లో నేవీ సారు వచ్చాడు. హన్మకొండ మనిషే, చిన్నప్పుడే పోయి ఓడల్లో పనిచేసి రిటైరై వచ్చాడు. వాళ్లింటి దర్వాజలు మా ఆయనవే. సారు చేతిలో ఒక మందపాటి ఇంగ్లీషు పుస్తకం, దానిలోంచి పెద్దగా తీయించిన జిరాక్సు కాగితాలు. రెండు వందల ఏండ్ల కిందటి ఇంగ్లీషువాళ్ల ఓడ ఒకటి ఉందట, తెరచాపలతో నడిచేది, స్లూపు అంటారట. దాని పేరు నా నోరు తిరగదు. దాన్ని చిన్నగా, చాచిన రెండు చేతులంత పొడుగు చేసిపెట్టాలి. సారు చదివిన కాలేజీలో అద్దాల పెట్టెలో పెడతారు. మా ఆయన కాగితాలు తిప్పి చూస్తూ, "సముద్రమే చూడలే సార్ నేను. భద్రకాళి చెరువుల నావ చూసిన, అంతే" అన్నాడు. సారు అప్పుడు రెండు ముక్కలు చెప్పాడు. ఆ ఓడ బర్మా యుద్ధానికి పోతూ మన తీరంలో ఆగిందట, పుచ్చిన పలకలు తీసేసి గోదావరి మీద తెప్పలు కట్టి తెచ్చిన టేకు వేశారట. అది మొదటి ముక్క. చేసినవాని పేరు ఇత్తడి పలక మీద చెక్కించి పెట్టె మీద బిగిస్తామన్నది రెండోది. మా ఆయన తల ఎత్తాడు. గోదావరి టేకంటే ఏటూరునాగారం టేకే అని ఆయన అక్కడికక్కడ తీర్మానం చేసుకున్నాడు. సారు ఆ మాట అననేలేదు. సారు అటు గేటు దాటాడో లేదో, ఈయన సజ్జ మీది నా మంచాన్ని కిందికి దింపాడు.

నేను గొడవ చేశానా? చేశాను. "నా మంచం మీద ఇంగ్లీషోని ఓడ తేలుతదా?" అన్నాను. "నీ మంచం సచ్చినంక ఎవడు చూస్తడే? ఇది పిల్లలు చూస్తరు, పేరు చదువుతరు" అన్నాడు. సంటిపిల్లాడిలా బతిమాలినట్టే అన్నాడు ఆ మాట. ఊపిరి అందక మధ్యలో రెండుసార్లు ఆగాడు. నేను పలక మీది దుమ్ము కొంగుతో తుడిచాను.

సారు ఆ వారమే విశాఖలో వాళ్ల బిడ్డ కాన్పుకు పోయాడు, మూడు నెలలు రాలేదు. ఆదివారం ఆదివారం సాయంత్రం ఫోను చేసేవాడు. పని ఎంతవరకు వచ్చిందని అడిగి, పుస్తకంలోంచి ఆ ఓడ నౌకరీ సంగతి కొంచెం కొంచెం చెప్పేవాడు. మా ఆయన స్పీకరు పెట్టి, ఫోన్ను పనిబల్ల మీద మేకుల డబ్బాకు ఆనించేవాడు. నేను గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ వినేదాన్ని. వినకూడదనుకుంటూనే వినేదాన్ని. అది చిన్న ఓడట. పద్దెనిమిది ఫిరంగులు, నూరు మందికి పైన మనుషులు. పెద్ద ఓడల ముందు ఇది ఎట్లాంటిదంటే, కలెక్టరు ముందు సైకిలు మీద తిరిగే మా పంచాయతీ కారోబారు లాంటిదన్నమాట. ఉత్తరాలు అందియ్యి, పెద్దదొరను ఆ రేవులో దింపు, దొంగల వెంట పడు, యుద్ధమైతే ముందు పోయి నీళ్ల లోతు చూసి రా. పేరు పెద్ద ఓడలకు, తిరుగుడు దీనికి. మా ఆయన చిత్రిక ఆపి, "గట్లనే ఉంటది" అనేవాడు, తన చుట్టం సంగతి విన్నట్టు. వాళ్లు ఓడను ఆమె అంటారట. నేను పకపకా నవ్వాను. "చాకిరి చేసేటిది గాబట్టి ఆడదాన్ని చేసిండ్రు" అన్నాను. ఫోన్లో సారు కూడా నవ్వాడు. ఆ ఇంట్లో అంత నవ్వు అదే ఆఖరు.

తర్వాతి ఆదివారం కథ ఆఫ్రికా తీరానికి పోయింది. మనుషుల్ని పట్టుకుని బానిసలుగా అమ్మే ఓడల్ని ఆపడానికి దీన్ని పంపారట. నెలల తరబడి ఎండలో అటూ ఇటూ తిరగడమే. ఒకసారి ఒక దొంగ ఓడను తరిమి పట్టుకుని దాని కింది అర మూత తెరిచారట. లోపల మనుషులు చెంచాల్లాగా ఒకరి వెనక ఒకరు పేర్చి ఉన్నారని సారు చెప్పాడు, సగం మంది బతికి లేరట.  ఆ తర్వాత వీళ్లకే జ్వరాలు పట్టాయి. ఆ తీరం గాలే జ్వరం. ఒక్క వానాకాలంలో ఓడలో సగం మంది పోయారు, దవా ఇచ్చే డాక్టరుతో సహా. పోయినవాణ్ని వాడు పడుకునే గుడ్డ ఊయలలోనే పెట్టి కుట్టి సముద్రంలో జార్చేవారట. కొత్త మనుషుల్ని ఎక్కించుకుని మళ్లీ అక్కడికే పోయిందట, మళ్లీ పోయారట. నేను అప్పుడు ఆ ఓడకే తెరచాపలు కుడుతున్నాను. మా ఆయన పాత పంచె చింపి కుడుతున్నాను. సూది అక్కడే దింపేశాను.

"ఏందయ్యా, అది పుట్టిన ఆయమేంది?" అని అడిగాను. అడిగింది నేనే. నేను చెప్తుంటే ఇది రాసిపెట్టేవాళ్లకు, ఈ మాట పెద్ద అక్షరాల్లో రాయమని చెప్పాను. మా ఆయన ఆ లెక్క వద్దన్నాడు. "ఓడకు ఆయమేందే? సారు కాయితం ఇచ్చిండు, కాయితం ప్రకారం చేసుడే" అన్నాడు. ఆ రోజు వదిలేశాను. మర్నాడు దగ్గు ఎక్కువైంది, గుడ్డలో ఎర్రజీర కనిపించింది. ఇక నేను ఆగలేదు. పొద్దున లేస్తే అదే పాట, అన్నం పెడుతూ అదే పాట. "ఇంట్ల పెట్టుకున్నంక ఇంటి కిందనే లెక్క. వందల మందిని మింగిన దాన్ని పనిబల్ల మీద పెట్టుకుని, నీకు ఊపిరాడుత లేదంటవ్. ఒక్కసారి చూడరాదయ్యా, నీ నోరు పోతదా?" మూడో రోజు అన్నం తినకుండా కూర్చున్నాను. ఆయన పెన్సిలు చెవి వెనక నుంచి తీసి ఒక చెక్క పేడు మీద లెక్క వేశాడు. వేసి, పేడును తిప్పి పెట్టాడు. "ఏమొచ్చింది?" అంటే చెప్పడు. గట్టిగా అడిగితే, "కాకి" అన్నాడు.

ఆ తర్వాత ఆయన్ని నేను అడగనక్కర లేకపోయింది. ఆయనలోని వడ్లాయనే ఊరుకోలేదు. రెండు వేళ్ల వెడల్పు పెంచితే ఏనుగు ఆయం వస్తుందని చూసుకున్నాడు. అప్పటికి ఓడ పక్కటెముకలు ఇంకా కోయలేదు. రెండు వేళ్లు పెంచే కోశాడు. సారుకు ఫోన్లో చెప్పమని నేను అనలేదు, చెప్పాలని ఆయనకూ తోచలేదు. ఇల్లు కట్టించేవాళ్లకు ఎప్పుడైనా చెప్పాడా, ఇంత పెంచాను ఇంత తగ్గించానని? మంచి జరగడానికి చేసే పనికి అడగడమెందుకు? తడి తువ్వాల మూతికి కట్టుకుని, పొద్దున గంట, సాయంత్రం గంట పనిచేసేవాడు. మిగతా సమయమంతా గోడకు ఆనుకుని ఊపిరి పోగుచేసుకునేవాడు. ఫోన్లో ఓడ బర్మాకు బయల్దేరింది, దారిలో మన టేకు వేయించుకుంది, యుద్ధం చేసింది. ఎక్కడో ద్వీపాల చుట్టూ సముద్రం లోతులు కొలుచుకుంటూ ఏండ్లకేండ్లు తిరిగింది. ఇక్కడ దాని మూడు కొయ్యలు నిలబడ్డాయి, దారాలు బిగిశాయి. లేత్ మిషన్లో తిప్పించిన ఇత్తడి ఫిరంగులు పద్దెనిమిది, వేలి కణుపంతవి, వరుసగా మూతులు బయటపెట్టాయి. నిజం చెప్పాలి, అంత అందమైన వస్తువును నేను మళ్లీ చూడలేదు. ఆయన దగ్గు కూడా తగ్గినట్టే అనిపించింది. ఏనుగు పనిచేస్తోందని నేను లోపల్లోపల మురిశాను.

సారు విశాఖ నుంచి రాగానే నేరుగా మా ఇంటికే వచ్చాడు. గడపలోనే నిలబడిపోయాడు. మెల్లగా దగ్గరికొచ్చి తెరచాపలు ముట్టుకుని, "ఇవి ఎవలు కుట్టిన్రు?" అన్నాడు. నేనని చెప్తే, "అచ్చం గట్లనే ఉన్నయ్ చెల్లె" అన్నాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. ఇత్తడి పలక. మా ఆయన పేరు చెక్కి ఉంది. నాకు చదవరాదు కానీ, ఆయన చదివి వినిపించాడు, తన పేరు తానే, రెండుసార్లు. తర్వాత సారు స్టీలు స్కేలు తీశాడు. పొడుగు కొలిచాడు, తల ఊపాడు. వెడల్పు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. కాగితం తీసి చూసి, మూడోసారి కొలిచాడు.

"మేస్త్రీ, పొట్ట ఇంత ఎందుకొచ్చింది?"

"ఆయం కుదరలే సార్. రెండు వేళ్లు పెంచిన."

సారు మొదట పరాచికమనుకుని నవ్వాడు. తర్వాత మా ఆయన ముఖం చూసి ఆపేశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "అది ఇల్లు గాదు గదా మేస్త్రీ. పుట్టినప్పుడు ఎంతున్నదో గంతే ఉండాలె. రేపు తెలిసినోళ్లు వచ్చి కొలుస్తరు. గా పేరు పెట్టి, గిది గదే ఓడ అని ఎట్ల చెప్పాలె నేను?" అన్నాడు. మా ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. ఒక్కసారే. అందులో కోపం లేదు, చెప్పనులే అన్నట్టు ఉంది, అంతే. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. నేను చేయించాను సార్ అని ఒక్క మాట అంటే ఏం పోయేది? నా నోరు లేవలేదు. ఇల్లంతా ఎగిరే నోరు, అప్పుడు లేవలేదు. "నెల దినాలు ఇయ్యి సార్, సన్నం చేస్త" అన్నాడు మా ఆయన. సారు పలకను మళ్లీ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మా ఆయన కళ్లు ఆ జేబు వెంటే గడపదాకా పోయాయి.

కట్టిన ఓడను సన్నం చేయడమంటే చీర మడత సర్దడం కాదు. టేకు చీలలు కొట్టి బిగించినవన్నీ ఊడదీయాలి, ప్రతి ఎముకనూ మళ్లీ కోయాలి, అరగదీయాలి. తువ్వాల కట్టుకుంటే ఊపిరి ఆడదని తువ్వాల తీసేశాడు. నేను పట్టుకుంటానంటే, "నువ్వు దూరముండు, నీకూ పడుతది పొట్టు" అన్నాడు. సారు ఫోను చేసినా స్పీకరు పెట్టనివ్వలేదు. సన్నని టేకు పొట్టు, పసుపులాగా, ఆయన కనుబొమల మీద, పెదవుల మీద. చేయవద్దని నేను చెప్పలేకపోయాను. ఏ ముఖంతో చెప్పను? ఒక పక్క పూర్తిగా సన్నబడింది. రెండో పక్క మూడు పలకలు ఊడదీశాడు. నాలుగోదాని మీద ఉలి పెట్టి, సుత్తె ఎత్తకుండానే కూర్చున్నాడు. దవాఖానలో నాలుగు దినాలు గొట్టం పెట్టారు. ఐదో దినం మధ్యాహ్నం పోయాడు. మాట్లాడిన ఆఖరి మాటలు కూడా నాకు చెప్పినవి కావు. పక్క మంచం మనిషి కిటికీ తలుపు పట్టడం లేదంటే, కొంచెం చిత్రిక పడితే సరిపోతుందని చెప్పాడట.

ఇంటికి తెచ్చాక స్నానం చేయించడానికి నీళ్లు కాచాలి కదా. వాన ముసురు, కట్టెలు తడిశాయి. వచ్చిన చుట్టాలు పనిబల్ల కింద ఎండు చెక్కముక్కలు కనిపిస్తే తెచ్చి పొయ్యిలో పెట్టారు. ఆయన ఊడదీసిన పాత ఎముకలూ పలకలూ అవి. నూనె టేకు, అంటుకోగానే భగ్గుమంది. వాళ్లకేం తెలుసు? నాకు తెలుసు. చూస్తూ కూర్చున్నాను. నా మంచం పలక, ఆయన పెంచిన రెండు వేళ్లు, నేను తెచ్చిపెట్టిన ఏనుగు, అన్నీ కలిసి ఒక గుండిగెడు నీళ్లు కాచాయి. ఆ నీళ్లే ఆయన మీద పోశారు.

పదకొండో దినం సారు వచ్చాడు. ఒక పక్క సన్నగా, ఒక పక్క తెరిచిన డొక్కలతో బల్ల మీద ఉన్న ఓడను చూడలేక అటు తిరిగి కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను. "ఆయం చూడుమన్నది నేనే సార్. అన్నం మానేసి చూపిచ్చిన" అన్నాను. సారు నా వైపు తిరిగాడు. "ముందు చెప్పొద్దా చెల్లె" అన్నాడు.   ఇత్తడి పలక తీసి బల్ల మీద పెట్టాడు. పోయేముందు నేనే ఆపి అడిగాను, ఆఖరుకు ఆ ఓడ ఏమైందని. ఆ భాగం ఫోన్లో రానే లేదు కదా. సారు సంచీలోంచి పుస్తకం తీసి ఆ పేజీ చూపించాడు, నాకు చదువొచ్చినట్టు. అమ్మేశారు అని ఒక్క ముక్క రాసి ఉందట. ఎవరికి అమ్మారని అడిగాను. రాయలేదన్నాడు. దేనికి కొన్నారో, ఎక్కడ ఊడదీశారో, దాని మీద బతికిన మనుషులు ఎవరైనా చూడడానికి పోయారో లేదో, ఏదీ లేదు. ముప్పై ఏండ్లకు పైబడిన చాకిరికి ఒక్క ముక్క. సారు పుస్తకం మూసి, చెప్పులు వేసుకుని పోయాడు.

మా బిడ్డ వచ్చినప్పుడల్లా పాలకుర్తి రమ్మంటుంది. నేను పోను. దోషం మూట కట్టుకుని దాని గడప ఎందుకు తొక్కడం? ఏడవడం కూడా ఇప్పుడు చేతకావడం లేదు. మొదట్లో ఆయన పోయి ఎన్ని దినాలని ఎవరడిగినా టక్కున చెప్పేదాన్ని. తర్వాత నెలల్లో చెప్పాను. నిన్న కూరగాయలామె అడిగితే, వేళ్లు ముడిచి లెక్కపెట్టి కూడా ఏ వానాకాలమో తేల్చుకోలేక అటు తిరిగి నిలబడ్డాను. ఆయన పేరు నిలబెట్టలేకపోయిన దాన్ని, ఆయన పోయిన దినాన్నన్నా పట్టుకుని కూర్చుందామనుకుంటే, కాలం ఆ ఒక్కటీ నా చేతిలోంచి లాక్కుంటోంది.